పాతబస్తీని కాలినడకనే చూడాలి, అదీ పొద్దున ఏడింటికే

హైదరాబాద్ పాతబస్తీ చూడటానికి రోజంతటికీ కారు మాట్లాడుకునేవాళ్ళకు ముందే ఒక మాట: ఆ డబ్బు దండగ. అఫ్జల్‌గంజ్ దాటాక కారు కన్నా మనిషే ముందు పోతాడు. చార్మినార్ చుట్టూ బండ్లను రానివ్వరు. డ్రైవరు మదీనా చౌరస్తా దగ్గరో, శాలిబండ వైపో దింపేసి "పార్కింగ్ దొరకలే సార్, అయిపోయినంక ఫోన్ కొట్టుండ్రి" అని వెళ్ళిపోతాడు. సాయంత్రం ఫోన్ కొట్టాక ఆ కారు మన దాకా రావడానికి ముప్పావుగంట పడుతుంది. ఇంతా చేస్తే నయాపుల్ వంతెన నుంచి చార్మినార్‌కు కిలోమీటరున్నర కూడా ఉండదు. చూడాల్సినవి చాలావరకు ఆ ముక్కలోనే ఉన్నాయి.

కారుతో డబ్బే పోతుంది, ముప్పై రూపాయల ఆటోతో రోజే పోతుంది. 2014లో ఖరారైన మీటరు రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ రేటుకు తిరిగే ఆటో ఇప్పుడు కనిపించదు, మీటరు ఉన్నా అలంకారానికే. అలాంటిది ఎవరో తనంతట తానే ఎదురొచ్చి "అన్నా, నలుగురికీ కలిపి ముప్పై ఇయ్యుండ్రి చాలు, చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా అన్నీ చూపిస్త" అంటున్నాడంటే ఆ లోటును ఎవరో పూడుస్తున్నారన్నమాట. పూడ్చేది ముత్యాల షాపు. గడప తొక్కించినందుకు డ్రైవరుకు కొంత, మనం కొంటే అందులో వాటా. ముందు చూపించేది ఆ షాపే. "గవర్నమెంట్ షాపు అమ్మా, ఈ రోజే ఆఖరు, సగం రేటు" అంటాడు. లోపల మంచినీళ్ళు, కూల్‌డ్రింకు ఇచ్చి కూర్చోబెడతారు. ఏమీ కొనకుండా లేచి వస్తే బయట డ్రైవరు ముఖం మారిపోయి ఉంటుంది. ఇంకో షాపు చూడాలంటాడు, కాదంటే అక్కడే దింపేస్తాడు. ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు ఈ గొడవతో వచ్చే చిరాకు సాయంత్రం దాకా వదలదు. చార్మినార్ ఎలా ఉందని ఇంటికెళ్ళాక అడిగితే ఆటోవాడి సంగతే చెబుతారు.

కాబట్టి మెట్రో ఎక్కండి. 2025 మేలో చార్జీలు పెంచి, గగ్గోలు పుట్టాక కాస్త తగ్గించారు. అప్పటి లెక్క ప్రకారం కనీసం 11 రూపాయలు, ఎంత దూరమైనా 69. పొద్దున ఆరింటి నుంచి రైళ్ళుంటాయి. దిగాల్సింది ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే ఎర్ర లైను, జూబ్లీ బస్టాండు నుంచి వచ్చే పచ్చ లైను అక్కడే కలుస్తాయి. పాతబస్తీలోకి మెట్రో ఇంకా పోలేదు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల లైనుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దాని కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ రోడ్డు పొడవునా ఇళ్ళ ముందుభాగాలు కూల్చారు. ఫోను మ్యాపు దగ్గరి దారని అటు తోస్తే వినకండి. దుమ్ము, రాళ్ళకుప్పలు, సగం గోడలు. గౌలిగూడ వైపు బయటికొచ్చి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపుల్ ఎక్కడమే మంచిది. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కు మొత్తం రెండు కిలోమీటర్ల పైచిలుకు. స్టేషన్ వదిలేముందే అందరూ బాత్రూముకు వెళ్ళి రావాలి, చిల్లర ఉంచుకోండి. తర్వాత నమ్మదగ్గది మ్యూజియంలో దొరికేదాకా లేదు. వెంట వచ్చిన ఆడవాళ్ళు పదకొండింటికల్లా ఎందుకు విసుక్కుంటున్నారో మగవాళ్ళకు అర్థం కానిది దీని వల్లే.

ఆర్టీసీ బస్సు గురించి కూడా ఒక మాట. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు. విజయవాడ నుంచి వచ్చిన వదినకు టికెట్ కొట్టి, పక్కనే ఉన్న ఉప్పల్ ఆడపడుచుకు జీరో టికెట్ ఇస్తే ఆ రోజంతా ఎత్తిపొడుపులు తప్పవు. అయితే పాతబస్తీ వైపు బస్సులు తొమ్మిది దాటితే ఊపిరాడనివ్వవు.

నయాపుల్ మీద ఏడున్నరకు నిలబడాలి. మూసీ వాసనకు ముక్కు మూసుకోవాలన్నది నిజమే, అయినా నిలబడాలి. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఇంకా సాలార్‌జంగ్ మ్యూజియం. ఆ గుమ్మటాలన్నీ ఒక్కచోట నిలబడి అటూ ఇటూ చూడగలిగేది ఇక్కడే, ఎండ ముదరని వేళా ఇదే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని తిరిగి కట్టారు. హైకోర్టు 1920లో తెరిచారు. పై నుంచి వచ్చే నీటిని ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఆ రోజు నూటయాభై మంది బతికారని చెబుతారు, చెట్టు ఇప్పటికీ ఉంది. ఆసుపత్రి పర్యాటక స్థలం కాదు, రోగుల మధ్య ఫోటోలు తీయకండి.

వంతెన మీద కాలిబాటను పండ్లబండ్లు, చెప్పుల అంగళ్ళు మింగేస్తాయి, కానీ తొమ్మిది తర్వాతే. ఏడింటికి బయల్దేరమనేది ఇందుకు. అఫ్జల్‌గంజ్, మదీనా చౌరస్తాలు దాటడం కొత్తవాళ్ళకు పెద్ద పరీక్ష. సిగ్నల్ పచ్చబడినా ఆటోలు ఎడమకు తిరుగుతూనే ఉంటాయి. ఒక్కొక్కరుగా పరిగెత్తొద్దు. పక్కన స్థానికులు దాటేదాకా ఆగి, వాళ్ళ వెంబడి, వాళ్ళ నడక వేగంతోనే పోవాలి. మధ్యలో ఆగడం, వెనక్కి గంతేయడమే ప్రమాదం, ఎందుకంటే బండివాడు మనం ముందుకే పోతామని లెక్కేసుకుని పక్కనుంచి తప్పిస్తాడు.

మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టి మొదలు. రెండు వైపులా రాతి కమాన్ల వరుస, పైన ఇళ్ళు, కింద దుకాణాలు. ఇది కూడా వరద తర్వాతి కట్టడమే. దక్షిణానికి నడుస్తున్నప్పుడు పొద్దున పూట ఎడమ వరుస కింద నడవండి, నీడ అటే పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం ఆ ఎదుటి వరుస కింద నడవాలి. చిన్న సంగతే గానీ ఏప్రిల్, మే నెలల్లో ఈ ఒక్కదానితో పిల్లల పేచీ సగం తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది దాటిపోయేది మొహర్రం పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. మదీనా చౌరస్తాకు కూతవేటు దూరంలో, హైకోర్టు రోడ్డు పక్కన ఉంది. 1590ల్లో కులీకుతుబ్‌షా కట్టించాడు. లోపలి గోడ మీద 1611 నాటి రంగు పలకలున్నాయి: పసుపు, నీలం, ఆకుపచ్చ, నాలుగు వందల ఏళ్ళు దాటినా వెలవెలబోలేదు. 1908 వరద నీళ్ళు తగిలి కింది వరుసలు పోయాయి. అక్కడ పలకలకు బదులు రంగు పూత కనిపిస్తుంది. ఆ గీత చూస్తే నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో తెలుస్తుంది. టికెట్ లేదు. చెప్పులు బయట వదిలి, అక్కడి బాగోగులు చూసే ముజావర్‌ను అడిగి లోపలికి వెళ్ళాలి. మొహర్రం రోజుల్లో చూడటానికి కాకుండా మొక్కడానికి వచ్చేవాళ్ళదే చోటు, అప్పుడు వెళ్ళకపోవడమే మర్యాద. పాతబస్తీ మొత్తంలో ఒక్కటే చూసే టైముంటే నేను చార్మినార్ కన్నా దీనికే ఓటేస్తాను.

ముందుకు పోతే గుల్జార్ హౌజ్ అనే పాత నీటితొట్టి, దాని చుట్టూ నాలుగు కమాన్లు. మచిలీ కమాన్ కింది నుంచి చార్మినార్ మొదటిసారి కనిపిస్తుంది. ఫోటో కావాలంటే ఇక్కడే, ఎనిమిది లోపు. తర్వాత చట్రంలోకి ఎప్పుడూ ఒక బస్తాల బండి వచ్చి చేరుతుంది.

టిఫిన్ ఇక్కడే. గుల్జార్ హౌజ్ పక్క సందులో పొద్దున ఆరు నుంచి దోశ బండి నడుస్తుంది. పెనం మీద ఉప్మా, టమాటా, ఉల్లి, కారం, చీజ్, దోసిట పట్టేంత వెన్న వేసి గరిటెతో మెదిపి దోశంతా పూస్తారు. వెన్న తక్కువ వేయమంటే వింటారు కానీ ముఖం అదోలా పెడతారు. ఒక దోశ ఇద్దరు పంచుకోవాలి; ఒక్కరే పూర్తి చేస్తే చార్మినార్ మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. ముందు డబ్బు కట్టి చీటీ తీసుకోవాలా, తిన్నాక కట్టాలా అన్నది అడిగి నిలబడండి, లేకపోతే తప్పు వరసలో పావుగంట పోతుంది.

మాంసం తినేవాళ్ళకు మాత్రం దోశ వద్దు, అది విజయవాడలోనూ దొరుకుతుంది. ఈ ఊరి అసలు పొద్దుటి భోజనం ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఎర్ర కందిపప్పు, అంటే మసూరు పప్పు వేసి వండిన పొడిపొడి ఖిచిడీ, పక్కన వేయించిన ఖీమా, గిన్నెలో చల్లటి ఖట్టా. నువ్వులు వేయించి నూరి, చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లి, పచ్చిమిర్చి వేసేదే ఖట్టా. పేరు విని భయపడే మన పెద్దవాళ్ళ చేత ఒక ముద్ద తినిపించండి చాలు: పులగంలో పచ్చిపులుసు పోసుకున్నట్టే ఉంటుంది. నువ్వుపిండి వేసే తెలంగాణ పచ్చిపులుసు తెలిసినవాళ్ళకైతే పరిచయమే అక్కర్లేదు. ఖీమా వద్దంటే ఒట్టి ఖిచిడీ, ఖట్టా, అప్పడం కూడా ఇస్తారు. అయితే వంట ఒకే చోట కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్ళు మానుకోవడం మంచిది. మదీనా నుంచి శాలిబండ దాకా ఏ పాత హోటల్లోనైనా దొరుకుతుంది, కానీ పదిన్నరకల్లా గిన్నె అడుగంటుతుంది. నహారీ కుల్చా, అంటే మాంసం పులుసూ రొట్టే, కూడా అంతే, పొద్దున్నే అయిపోతుంది. మధ్యాహ్నం బిర్యానీ కోసం పాతబస్తీ దాకా వచ్చి ఈ రెండూ తినకుండా పోయేవాళ్ళే ఎక్కువ. బిర్యానీ సికింద్రాబాద్‌లోనూ ఉంటుంది, ఈ ఖట్టా ఉండదు.

చార్మినార్ టికెట్ కౌంటర్ తొమ్మిదింటికి తెరుస్తారు. కౌంటర్లో 25 రూపాయలు, పురావస్తు శాఖ ఆన్‌లైన్‌లో తీస్తే 20, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లేదు. ఆన్‌లైన్ టికెట్ మెట్రోలో ఉండగానే తీసి ఫోనులో భద్రపరచుకోండి. గేటు దగ్గర జనం ఎక్కువైతే నెట్‌వర్కు చతికిలబడుతుంది, క్యూఆర్ ముందు నిలబడి వెనకాల వాళ్ళ చేత తిట్లు తినాల్సి వస్తుంది. తొమ్మిదికి వరసలో ముందుంటే పది నిమిషాల్లో పైన ఉంటారు. ఆదివారం పదకొండుకు వస్తే గంట పైనే. 1591లో కట్టిన మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు, వెలుతురు తక్కువ, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కడం సరే, దిగడమే నరకం. జనాన్ని మొదటి అంతస్తు వరకే పోనిస్తారు. మీనార్ల కొస దాకా 149 మెట్లని పుస్తకాల్లో చదివి అంతా ఎక్కవచ్చనుకుని వచ్చేవాళ్ళు పైన గార్డుతో వాదనకు దిగుతుంటారు, లాభం లేదు. పై నుంచి చూడాల్సింది ఉత్తరాన నడిచొచ్చిన దారి, నైరుతిన మక్కా మసీదు, పడమట గాజులమ్మే లాడ్‌బజారు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889 నాటివి, కట్టడంతో పాటు వచ్చినవి కావు.

పెద్దవాళ్ళను ఎక్కించకపోయినా నష్టం లేదు. వాళ్ళను కింద ఇరానీ కేఫ్‌లో కూర్చోబెట్టండి, అరగంట హాయిగా గడుస్తుంది. పొద్దున్నే తెరిచి ఉంటుంది. డికాక్షన్ ఒక గిన్నెలో, చిక్కటి పాలు ఒక గిన్నెలో విడిగా గంటల తరబడి కాగుతుంటాయి, కప్పులో కలిపేది మనం అడిగినప్పుడే. చాయ్ పాతిక రూపాయల లోపే. ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తినడమే పద్ధతి. బిస్కెట్లు ఇంటికి పట్టుకుపోవాలనుకుంటే తిరుగు ప్రయాణంలో కొనండి, సంచిలో రోజంతా తిరిగితే పిండే మిగులుతుంది.

మక్కా మసీదు పక్కనే. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయింది. ఆవరణలో అసఫ్‌జాహీ నిజాముల సమాధులున్నాయి. ప్రవేశం ఉచితం. మోకాళ్ళు కనిపించే బట్టలతో రానివ్వరు, ఆడవాళ్ళు తల మీదికి చున్నీ కప్పుకోవాలి. పావురాలకు గింజలు అమ్మేవాళ్ళు చేతిలో పొట్లం పెట్టేసి తర్వాత ధర చెబుతారు, చేయి చాచకుండా నడవండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ ఆ చుట్టుపక్కలే రావొద్దు. అసలు శుక్రవారమే వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, నిజాంల చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడూ ఆ రోజు మూసి ఉంటాయి. దూరం నుంచి వచ్చి ఆ గేట్ల ముందు ఉసూరుమనే కుటుంబాలను ప్రతి శుక్రవారం చూడొచ్చు.

లాడ్‌బజారు పదకొండుకు గానీ కళ్ళు తెరవదు. పదికే వెళ్ళి షట్టర్లు చూసి విసుక్కోవద్దు. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చింది. కానీ అక్కడ అమ్మేవన్నీ లక్క కావు. ప్లాస్టిక్ గాజు మీద రాళ్ళు అతికించినవే ముందు వరసలో మెరుస్తుంటాయి. లక్క గాజు కాస్త బరువుగా ఉంటుంది, లోపలి వైపు పూర్తిగా నున్నగా ఉండదు, రాళ్ళు జిగురుతో అంటించినట్టు కాక లక్కలోకి దిగి ఉంటాయి. కొలతలు 2.4, 2.6, 2.8 అని చెబుతారు. 2.4 అంటే రెండంగుళాల మీద నాలుగు వీసాలు, అంటే రెండుంపావు అంగుళాలు. రెండు దశాంశం నాలుగు అనుకుని లెక్కేస్తే గాజు చేతికి ఎక్కదు. లక్క గాజు కొంచెం బిగుతైతే దుకాణంలోనే నిప్పు సెగ చూపించి సాగదీసి ఇస్తారు. ఈ పని చేస్తానన్నవాడి దగ్గర ఉన్నది అసలు లక్కే. సెట్టుకు 600 చెప్పింది 350కి వస్తుంది. 900 చెప్పింది 500కి కూడా రాకపోతే లేచి నడవండి, నాలుగడుగులు వేసేలోగా "అమ్మా, ఆఖరు మాట చెప్పు" అని పిలుపు వస్తుంది. పిలవలేదంటే ఆ ధర నిజమైనదే, తిరిగి వెళ్ళి కొనేయండి.

ముత్యాల విషయంలో మాత్రం బేరం తెలిసినా సరిపోదు. హైదరాబాద్‌లో ముత్యం పండదు. ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలు వస్తాయి. ఇక్కడ చేసే పని తొలచడం, ఏరడం, గుచ్చడం. ఆ పనిలో మాత్రం ఈ ఊరికి చేయి తిరిగింది. కాబట్టి "హైదరాబాదీ ముత్యం" అని ఎక్కువ ధర కట్టే షాపు మొదటి మాటలోనే దొరికిపోతుంది. పంటి అంచుకు రాస్తే అసలుది గరుకుగా తగులుతుంది, గాజు నకిలీ జారుతుంది. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి రుద్దినా అంతే. రంధ్రం అంచు చూడండి, నకిలీకి పూత పెచ్చులా లేస్తుంది. వరసలో గుండ్లన్నీ అచ్చు ఒకేలా ఉంటే అనుమానించండి. మంచి దండలో ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేస్తారు, తెగినా ఒక్కటే రాలుతుంది. అన్నింటికన్నా ముఖ్యం బిల్లు. "కల్చర్డ్ మంచినీటి ముత్యాలు, ఇన్ని వరసలు, ఇంత బరువు" అని రాసివ్వమనండి. సగం తగ్గింపు ఇస్తున్న షాపు ఇది రాయడానికి నసుగుతుంది. పత్తర్‌గట్టిలో తరాల నుంచి ఉన్నవాళ్ళు అడగకముందే రాస్తారు. నడిచి వెళ్ళి కొంటే వాటా తీసుకునే మధ్యవాడు ఉండడు కాబట్టి ధర అడిగే ధైర్యం కూడా మనకు ఉంటుంది.

ఎండ ముదిరే ఒంటిగంట నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండాలి. చౌమహల్లా అయితే లాడ్‌బజారు చివర నుంచి పది నిమిషాల నడక. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండిలియర్లు, వెనక పాత కార్లు, పచ్చిక, నీటి కొలను. పిల్లలు ఇక్కడ పరిగెత్తొచ్చు, అదే దీని గొప్ప. సాలార్‌జంగ్ మ్యూజియం వేరే రకం అలసట. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. గదులు చాలా, బల్లలు తక్కువ. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ, వెనక మార్గరీటా ఉన్న మెఫిస్టోఫిలిస్ చెక్కబొమ్మ, దంతపు గది, గడియారం చూసి బయటపడితే రెండు గంటలు. మిగతాది ఇంకో రోజుకు. గడియారం దగ్గర అందరూ పన్నెండింటికే గుమిగూడతారు, ముందు తలలు తప్ప ఏమీ కనిపించదు. లోపలి బొమ్మ ప్రతి గంటకూ వచ్చి అన్ని దెబ్బలు కొడుతుంది. మూడింటికి వెళ్తే మూడు దెబ్బలు, కూర్చోవడానికి చోటు కూడా. పెద్ద సంచులు బయట జమ చేయాలి, కాబట్టి లాడ్‌బజారు సామాను తర్వాత కొనడమే తెలివి.

ఇక బస. పాతబస్తీకి దగ్గరగా ఉంటుందని అఫ్జల్‌గంజ్ ప్రాంతపు లాడ్జిల్లో దిగాలన్న ఆలోచన మానుకోండి. పేరు చెప్పను గానీ, ఒక లాడ్జి లెక్క ఇలా నడిచింది. ఫోన్లో ఏసీ డబుల్ రూము 1,400. కౌంటర్ దగ్గర ఆ 1,400 "నాన్ ఏసీకి సార్", ఏసీ రిమోట్ ఇవ్వాలంటే ఇంకో 400. మూడో మనిషికి పరుపు 350. ఇంతవరకు 2,150. దాని మీద జీఎస్టీ 12 శాతం అని 258 కలిపి 2,408. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదులకు పన్ను 5 శాతమే, అంటే 107 రూపాయల 50 పైసలు. ఆ మాట అంటే "సాఫ్ట్‌వేర్ మారలే" అని జవాబు. బిల్లడిగితే ఇచ్చిన చీటీ మీద జీఎస్టీ నంబరే లేదు. నంబరు లేనివాడికి పన్ను వసూలు చేసే హక్కే లేదు, 12 కాదు కదా 5 కూడా. ఆ ఒక్క వాక్యం గట్టిగా, నలుగురు వినేలా అంటే 258 మాయమవుతుంది. దాన్ని గుర్తుపెట్టుకుని వెళ్ళేటప్పుడు డిపాజిట్‌లోంచి తువ్వాలు మరకైందని 100 కోస్తారు, అది వేరే సంగతి.

గదికి కిటికీ ఉంది, తెరిస్తే కింది హోటల్ వంటగది పొగగొట్టం. వేణ్ణీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకానే, అదీ బకెట్టులో. గోడ మీద "24 గంటల చెకౌట్" అని బోర్డు, రసీదు వెనక "మధ్యాహ్నం 12" అని చిన్న అక్షరాలు. మూడో అంతస్తు, లిఫ్టు పని చేయదు. రోజంతా నడవాల్సిన కాళ్ళకు అది అన్యాయం. పెద్దవాళ్ళు పొద్దున లేచేసరికి సగం ఓపిక మెట్ల మీదే అయిపోతుంది, మాట్లాడటం మానేస్తారు.

దీని బదులు నాంపల్లి లేదా ఆబిడ్స్ చూసుకోండి. 1,800 నుంచి 2,200 మధ్య కిటికీ, లిఫ్టు, సరైన బిల్లు ఉన్న గది దొరుకుతుంది. నాంపల్లి నుంచి ఎంజీబీఎస్ మెట్రోలో మూడో స్టేషనే. ఎక్కడైనా గది చూడకుండా ఆధార్ చేతికివ్వొద్దు. ముందు కార్డు తీసుకున్నారంటే బేరం వాళ్ళ చేతిలోకి పోయినట్టే. అడగాల్సినవి నాలుగే: అన్నీ కలిపి ఎంత, చెకౌట్ ఎప్పుడు, వేణ్ణీళ్ళు ఎప్పుడు, ఏసీ ఇందులోదేనా. జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమనండి. పంపినవాడి దగ్గరే దిగండి.

ఆబిడ్స్‌లో బస చేస్తే ఆదివారం కలిసొస్తుంది. ఆ రోజు షట్టర్లు దించిన దుకాణాల ముందు కాలిబాటంతా పాత పుస్తకాలే. పదికల్లా వెళ్తే మంచివి మిగిలి ఉంటాయి. తెలుగు పుస్తకాలు ఇంగ్లీషు పోటీ పరీక్షల గుట్టల కింద ఉంటాయి, అడిగితే తీసి ఇస్తారు. అక్కడి నుంచి కోఠీ వైపు నడిస్తే సుల్తాన్‌బజారు సందుల్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901లో నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళు పెట్టుకున్న గ్రంథాలయం, బోర్డు చూసి గుర్తుపట్టకపోతే చీరల దుకాణాల మధ్య దాటిపోతారు. తిరుగుదారిలో 1935 నాటి మొజంజాహీ మార్కెట్, రాతి కట్టడం, కింద ఐస్‌క్రీం దుకాణాలు. సీతాఫలం కాలంలో, అంటే దసరా ప్రాంతంలో, సీతాఫలం ఐస్‌క్రీం తప్ప ఇంకేమీ అడగక్కర్లేదు. మామిడి ఎండాకాలంలో. కాలం కానప్పుడు అవే పేర్లు చెబితే ఎసెన్సు తింటారు.

రంజాన్ నెలలో మాత్రం పైన చెప్పిన వేళలన్నీ తలకిందులు. పగలు హోటళ్ళు పరదాలు దించుకుంటాయి, ఖిచిడీ వేటకు పోతే నిరాశే. మధ్యాహ్నం నాలుగింటికి బయల్దేరి, ఎండ తగ్గాక నయాపుల్ దాటి, ఇఫ్తార్ వేళకు పత్తర్‌గట్టి చేరండి. బజారు అర్ధరాత్రి దాటాక కూడా కిటకిటలాడుతుంది. పిల్లల చేతికి ఫోన్ నంబరు రాసి ఉంచండి, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి ప్రతి హోటలూ మాదే అసలుదంటుంది. ముందే పార్సిల్ డబ్బాల్లో నింపి పేర్చిన చోట కాకుండా, భట్టీ మీద మట్టి మెత్తిన డేగ్ అనే పెద్ద గుండిగ‌లోంచి అప్పటికప్పుడు వడ్డించే చోట నిలబడండి. నెయ్యి, వేయించిన ఉల్లి, నిమ్మచెక్క విడిగా అడిగి వేయించుకోవాలి. ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. చల్లారితే బంకలా సాగుతుంది కాబట్టి లాడ్జికి కట్టించుకుపోవద్దు, అక్కడే తినేయండి.